క్షోభ శబ్దార్థ విచారము
(క్షుబ్ధ - క్షుభిత రూపముల వివేచనతో)

రెండేండ్ల క్రిందట నిజామాబాదులోని ఒక కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచున్న యువ ఉపన్యాసకుడొకరు మా యింటికి వచ్చినారు. తెలుగు మాధ్యమ విద్యార్థులకై తాను సిద్ధము చేయుచున్న పాఠములో ఒక మాటకడ కలము ఆగినదని చెప్పినారు. ఆంగ్లములో ‘టర్బులెన్స్’ అనుదానికి పాఠ్యపుస్తకములలో ‘సంక్షుబ్ధ ప్రవాహము’ అని వాడుక యున్నది. "అయ్యగారూ, పిల్లలు ఆ మాటను చూచి భయపడుచున్నారు. క్షుబ్ధమనగా నేమి? ఇది సాధురూపమేనా, క్షుభితమనవలెనా?" అని అడిగినారు.

నేను ఆలోచింపకయే బదులు చెప్పితిని. క్షుబ్ధమనునది పాణిని ఒకానొక ప్రత్యేకార్థమునకు మాత్రమే నిపాతనము చేసిన రూపమనియు, ప్రవాహమునకు దానిని వాడుట దోషమనియు, ‘సంక్షుభిత’ అని దిద్దుకొమ్మనియు చెప్పి పంపితిని. ఆయన నా మాటను ప్రమాణముగా గైకొని దిద్దినారు. పిల్లలు దిద్దిన మాటనే వ్రాసికొన్నారు. పిమ్మట కొన్నాళ్లకు కౌముదిలో ఆ సూత్రము తిరిగి పాఠము చెప్పవలసి వచ్చినపుడు, నేను చెప్పినది సూత్రమునకు పైపై అర్థమే కాని లోతు కాదని తోచినది. ఆ తొందరపాటును దిద్దుకొనుటకే యీ వ్యాసము. పాఠశాలలో చదివినవారికి ఇట్టి పొరపాటు సులభముగా జరుగును. సూత్రము కంఠమునందుండును, దాని వస్తువు కంటియెదుట నుండదు.

క్షుభ ధాతువును ధాతుపాఠము మూడు గణములలో చదివినది: భ్వాదియందు, దివాదియందు, క్ర్యాదియందు. క్షోభతే, క్షుభ్యతి, క్షుభ్నాతి అని క్రమముగా రూపములు. మూడింటను అర్థమొకటియే, సంచలనము. సంచలనమనగా వట్టి కదలిక కాదు. చలనమునకు ముందు ‘సమ్’ అను ఉపసర్గ చేరుటచేత, వస్తువంతయు తనలో తాను కదలుట అను భావము కలుగుచున్నది. బండి రోడ్డుపై పోవుట చలనము. కుండలోని పెరుగు కవ్వము క్రింద తిరుగుట సంచలనము. బండి ఒకచోటు విడిచి వేరొకచోటికి చేరును; పెరుగు కుండను విడువదు, అయినను దానిలో కదలని కణము లేదు. (క్షుభ్నాతి అనుచోట షకారమునకు పిమ్మట నకారము ణకారము కావలసి యుండగా కాకుండుటకు అష్టమాధ్యాయమున 8.4.39 సూత్రము ఒక గణమునే ఏర్పరచి, ఆ గణమునకు ఈ ధాతువు పేరే పెట్టినది. విద్యార్థులకు ఈ ధాతువు మొదట పరిచయమగునది అచ్చటనే. అర్థముచేత కాదు, ణత్వనిషేధముచేత.)

ఇక ప్రకృతమైన సూత్రము 7.2.18. ఇందు పాణిని క్షుబ్ధ, స్వాంత, ధ్వాంత, లగ్న, మ్లిష్ట, విరిబ్ధ, ఫాంట, బాఢ అను ఎనిమిది రూపములను ఇడాగమము లేకుండ నిపాతనము చేసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర్థము నియమించినాడు. మనస్సు అయినచో స్వాంతము, కానిచో స్వనితము. చీకటి అయినచో ధ్వాంతము, కానిచో ధ్వనితము. అట్లే మంథము అయినచో క్షుబ్ధము, కానిచో క్షుభితము. నేను ఉపన్యాసకునికి చెప్పినది ఇంతవరకే. ఇది సత్యమే. అయితే మంథమనగా నేమి?

వ్యాఖ్యాతలు రెండర్థములు చెప్పుదురు. ఒకటి కవ్వము. రెండవది, ఇదియే మనకు ముఖ్యము, ద్రవముతో కలిపి చిలికిన సక్తువు, అనగా పేలపిండి. వైదిక కర్మలలోను వైద్యమునందును మంథమనునది ఇట్టి పానీయము. నీటిలోగాని పాలలోగాని పిండి వేసి గిలకొట్టినపుడు ఏమగును? పిండి అడుగున దిగదు, నీరు పైన తేలదు. పిండి ఎచ్చట, నీరెచ్చట అని విడదీయుటకు వీలులేనంతగా ఒకదానిలోనొకటి చొచ్చుకొనును. చిలుకుట ఆపినచో కొంతసేపటికి పిండి క్రిందికి దిగును. కనుక పాణిని క్షుబ్ధమన్నది ఏ కదలికనో కాదు. కలయికను పుట్టించు కదలికను. ఊరక కదలినది క్షుభితము. కదలి, ఆ కదలికచేత కలిసినది క్షుబ్ధము.

ఇప్పుడు భౌతికశాస్త్రము వైపు చూతము. 1883లో మాంచెస్టరు నగరమున ఆస్బర్న్ రేనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు గాజుగొట్టములో నీటిని ప్రవహింపజేసి, దానిలోనికి సన్నని రంగుధార నొకదానిని విడిచి పరీక్షించినాడు. ప్రవాహము మెల్లగా నున్నంతవరకు రంగు దారమువలె తిన్నగా సాగినది. వేగము ఒక హద్దు దాటగానే ఆ దారము మొదట వంకరలు తిరిగి, పిమ్మట తెగి, గొట్టమంతయు రంగుతో నిండినది. వేగము, గొట్టపు వెడల్పు, ద్రవపు జిగట, సాంద్రత అను వీనినుండి లెక్కించు ఒక సంఖ్యకు ఆయన పేరే నిలిచినది. గొట్టములలో ఆ సంఖ్య సుమారు 2000 దాటిన పిమ్మట ఈ మార్పు కనబడును. రేనాల్డ్స్ తాను ఈ రెండు గతులను ఋజువు, వక్రము అను భావముగల మాటలతో పిలిచినాడు. ‘టర్బులెన్స్’ అను పేరును ద్రవగతికి వాడినవాడు 1887లో విలియం థామ్సన్, తరువాత కెల్విన్ ప్రభువని ప్రసిద్ధి చెందినవాడు. ఆ మాట లాటిను భాషలోని ‘తుర్బా’ నుండి వచ్చినది. దానికి గుంపు, గలాటా అని అర్థము. అనగా అది జనసమ్మర్దమునుండి నీటికి దిగిన మాట. మన మాట కుండలోని పిండినీటినుండి వచ్చినది.

రంగు గొట్టమంతయు వ్యాపించుటయే ఈ ప్రవాహమునకు గుర్తని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మిశ్రణము లేనిచో అది అలయే, కేవల చలనమే. మంథమునందు పిండి నీటిలో వ్యాపించుటయు ఇదియే. కనుక తెలుగు పాఠ్యపుస్తకమునకు ‘సంక్షుబ్ధ’ అను మాటను ఎన్నుకొన్నవారు పాణిని నియమమును ఉల్లంఘించినారని నేను తలచినది తప్పు. మంథమువంటి ప్రవాహము క్షుబ్ధ ప్రవాహము. ఉపమానబలముచేత రూపము సాధువే. వారు సూత్రమును తెలిసి పెట్టినారో, కావ్యములలో క్షుబ్ధసముద్రాది ప్రయోగములు చూచి పెట్టినారో చెప్పజాలను. ఎట్లయినను మాట తగినచోట పడినది.

అదే సూత్రములో ఫాంటమను మాటయు ఉన్నది. ఫణ ధాతువు గత్యర్థకము. శ్రమలేకుండ, కాచి వండకుండ, వేడినీటిలో వేసి తీసిన ఔషధసారము ఫాంటము. ఆ ధాతువునకే ప్రేరణార్థమున ఫాణితమను రూపమున్నది. అది చెరకురసమును కాచి చిక్కబరచిన పాకము పేరు. అమరకోశము వైశ్యవర్గమున మత్స్యండీ, ఫాణితములను చెప్పి ఆ వెంటనే శర్కరను, సితను చెప్పినది. శర్కర మొదట గులకరాళ్ల పేరు. ప్రాకృతములో సక్కరయై, పారసీకమునకు పోయి శకర్ అయి, ఉర్దూలో శక్కర్ అయి, బోధనులో శక్కర్‌నగరముగా మరల మనవద్దకు వచ్చినది. తెలుగులోని చక్కెరయు దాని సోదరియే. ఇట్లు చిలుకుటను, కాచుటను, చెరకుపాకమును ఒకేచోట తడవుకొనుచు పోవునపుడు, ఈ ప్రాంతమున పుట్టి పెరిగినవానికి బెల్లపు కడాయి గుర్తునకు రాకుండ నుండదు.

నా బాల్యమున మంజీరా తీరపు గ్రామములలో చలికాలమంతయు గానుగలు తిరిగెడివి. రసము కడాయిలో పోసి క్రింద చెరకుపిప్పి మంట పెట్టుదురు. మొదట రసము మౌనముగా నుండును. పిమ్మట అంచులనుండి కదలిక మొదలై, నడుమనుండి పైకి తన్నుకొని వచ్చును. మన జిల్లా పల్లెలలో దీనిని ‘మసులుట’ అందురు. అప్పుడు మలినమంతయు తెట్టుగా పైకి వచ్చును, దానిని తీసివేయుదురు. పాకము చిక్కబడినకొలది మంట తగ్గకున్నను ఉరవడి తగ్గిపోవును. పెద్ద బుడగలు మెల్లగా లేచి పగులును. ద్రవమునకు జిగట హెచ్చినచో క్షోభ అణగునని రేనాల్డ్స్ సంఖ్య చెప్పుచున్నది; బెల్లము వండువాడు ఆ సంఖ్య నెరుగకయే, బుడగ పగిలెడి తీరు చూచి పాకము దించును.

ఇచ్చట రెండు భావములను వేరు చేయవలసి యున్నది. నీరు కదలుట వేరు, మురికి యగుట వేరు. అమరకోశము స్వచ్ఛమైన నీటిని ప్రసన్నమనియు, కానిదానిని కలుషము, ఆవిలము అనియు చెప్పినది. ఇవి కదలికను చెప్పవు. చిల్లగింజ అరగదీసి వేసినచో నీటి కాలుష్యము పోవును. క్షోభ పోవుటకు చిల్లగింజ అక్కరలేదు, ఆగుటయే చాలును. లాటినులో ఈ రెండును ఒకే మూలమునుండి పుట్టినవి. తెలుగులోను ‘కలగు’ అను క్రియ రెండింటికిని చెల్లును: నీరు కలగును, కలక నీరగును, మనస్సు కలగును, కలత యగును. సంస్కృతము మాత్రము రెండు మాటలను వేరుగా ఉంచినది. అమరమున కల్లోలము పెద్ద అలకు పేరు. ఆవర్తము నీటి సుడికి పేరు. నేటి తెలుగులో కల్లోలము అల్లరియై, కాలుష్యము పొగగొట్టముల పాలై, క్షోభ మనోవేదనకు మాత్రమే మిగిలినది. ‘ఆమె క్షోభ’ అన్నచో ఎవరును కుండలోని పెరుగును తలపరు. ‘పశ్చిమీ విక్షోభ్’ అని హిందీవారు వాయుమండలపు కదలికకు వాడుచున్నారు. అది ధాతువునకు మనకంటె దగ్గరగా నున్నది.

పైకి ప్రశాంతముగా కనబడునది శాస్త్రదృష్టిలో క్షుబ్ధము కావచ్చును. దీనికి మన జిల్లాలోనే దృష్టాంతమున్నది. మంజీరపై 1923లో పని మొదలుపెట్టి 1931 నాటికి పూర్తిచేసిన నిజాంసాగర్ జలాశయము నవాబ్ అలీ నవాజ్ జంగ్ నిర్మాణము. దాని కాలువ గట్టున నిలిచి చూచినవారికి నీరు నిదురించుచు పోవుచున్నట్లు తోచును. రేనాల్డ్స్ సంఖ్య లెక్కవేసినచో అది లక్షలలో ఉండునని ఉపన్యాసకుడు నాకు కాగితముపై చూపినారు. ఆ నీరు లోలోపల చిలుకబడుచున్నందువలననే మట్టిరేణువులు దిగకుండ పొలముదాక పోవుచున్నవి. అదే నీరు జలాశయమునందు నిలిచినపుడు ఒండ్రు దిగును. 29 టి.ఎం.సి.లకు పైబడిన సామర్థ్యముతో కట్టిన ఆ సాగరము పూడికచేత 18 టి.ఎం.సి.ల లోపునకు కుదించుకొనిపోయినది. క్షోభ ఉన్నచోట మన్ను ప్రయాణించినది. క్షోభ ఆగినచోట మన్ను నిలిచి నీటి తావును ఆక్రమించినది. ఈ లెక్క చూచువరకు క్షోభను నేను దోషముగానే భావించితిని. మన శాస్త్రములు అట్లు భావింపలేదని అప్పుడు గుర్తునకు వచ్చినది. విష్ణుసహస్రనామములలో ఉద్భవ శబ్దము వెంటనే క్షోభణ శబ్దమున్నది. సృష్టికాలమున ప్రకృతిపురుషులలో ప్రవేశించి క్షోభింపజేసినవాడని శంకర భగవత్పాదులు విష్ణుపురాణము ననుసరించి వ్యాఖ్యానించిరి. గుణముల సామ్యము చెదరినగాని మహత్తు పుట్టదని సాంఖ్యులు. క్షీరసాగరము కదలకున్నచో హాలాహలము రాదు, అమృతమును రాదు.

ఇంతవరకు మాట వచ్చినది కనుక, వార్తాపత్రికలలో నిత్యము కనబడు ‘సంక్షోభము’ గూర్చి చెప్పకుండుట సాధ్యము కాదు. ఆర్థిక సంక్షోభము, వ్యవసాయ సంక్షోభము, చక్కెర పరిశ్రమ సంక్షోభము. ఆంగ్లములోని ‘క్రైసిస్’కు దీనిని వాడుచున్నారు. ఆ మాట గ్రీకుభాషలో నిర్ణయము, తీర్పు అను అర్థముగలది. రోగము ఇటో అటో తేలు ఘడియ. హిందీలో దానికి సంకటమందురు. మనము సంక్షోభమన్నాము. ఉరుకులు పరుగులు, ధరల ఎగుడుదిగుడులు ఉన్నచోట ఇది సరిపోవును. అన్నిచోట్ల సరిపోదు.

బోధనులో నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపితమైనది. నిజాంసాగర్ నీరు, నల్లరేగడి, చెరకు, ఈ మూడింటి కలయికపై నిలిచిన ఆ సంస్థకు ఆసియాలోనే పెద్దదని పేరుండెను. 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు మారి, 2015 డిసెంబరులో బోధను, మెట్‌పల్లి, మెదకు విభాగములు మూడును మూతపడినవి. పునరుద్ధరణను పరిశీలించుటకు 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. పత్రికలు ఈ విషయమును వ్రాసినప్పుడెల్ల ‘సంక్షోభములో కర్మాగారము’ అని వ్రాసినవి.

శక్కర్‌నగరములో పాకపు విభాగమున పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధుడొకరు నాకు పరిచితులు. ఒకనాడు పత్రికలోని ఆ శీర్షికను చదివి వినిపించి, ఏమందురని అడిగితిని. "ఏమంటం అయ్యగారూ. బాయిలర్ సల్లబడ్డది. గంతే" అన్నారు. కొంతసేపటికి మరల ఆయనయే, తాము పనిచేయు రోజులలో రసములో సున్నము కలుపునపుడు ఎంత జోరుగా త్రిప్పవలెనో, ఆ పిమ్మట మడ్డి దిగుటకు తొట్టిలో ఎంత నెమ్మదిగా ఉంచవలెనో వివరించినారు. కలుపుచోట నిలుపరాదు, నిలుపుచోట కలుపరాదు. ఏ ఒక్కటి తప్పినను చక్కెర తెలుపు రాదట.

చల్లబడినది అనుటకును సంక్షోభము అనుటకును గల వ్యత్యాసము చిన్నది కాదు. సంక్షోభమన్నచో కదలిక ఇంకను ఉన్నదని, అది తనంతట తాను సద్దుమణగునని వినువానికి తోచును. అలజడి తీరును, నీరు తేరును అని ఊరట కలుగును. ఆగిపోయిన యంత్రమునకు సద్దుమణుగవలసినది ఏమియు లేదు. దానికి మన భాషలో స్తంభనము, స్తబ్ధత, మూత అను మాటలున్నవి. స్తబ్ధమును క్షుబ్ధమని పిలిచినచో, దానిని కదలింపవలసిన బాధ్యత ఎవరిదో ఆ వాక్యములో కనబడకుండ పోవును. చెరకు విడిచి వరికి, మొక్కజొన్నకు, పసుపునకు మరలిన రైతు, జీతపు బకాయిలకై తిరిగిన కార్మికుడు క్షోభపడినమాట నిజము. కర్మాగారము మాత్రము క్షోభపడలేదు. క్షోభ కార్మికునిది, స్తబ్ధత కర్మాగారానిది. రెండింటికి ఒకే మాట వాడినచో మొదటిది రెండవదానిలో కలిసిపోవును.

ఆకాశయానమునందలి అలజడిని తెలుగు పత్రికలు ‘కుదుపులు’ అని వ్రాయుచున్నవి. 2024 మే నెలలో లండను నుండి సింగపూరుకు పోవు విమానము తీవ్రముగా కుదుపులకు లోనై ఒక ప్రయాణికుడు మరణించినపుడు ఈ మాట అందరి నోట వినబడినది. ప్రయాణికునికి తెలియునది కుదుపే. గాలిలోని సుడులు కంటికి కనబడవు. ఫలమును బట్టి పెట్టిన ఈ పేరు సంస్కృతపదము కాకపోయినను నాకు అభ్యంతరము లేదు. ప్రయాణికునికి కుదుపు, గాలికి సంక్షోభము అని విభజించుకొనవచ్చును. మన తెలంగాణమున మనుషుల గలిబిలికి ‘ఆగమాగము’ అని వాడుక యున్నది. లాటిను వారి జనసమ్మర్దపు మాటకు భావమున దీనికంటె దగ్గరి మాట నాకు కనబడలేదు. దానిని నీటికి వాడుమని మాత్రము చెప్పజాలను.

ఈ విషయములన్నియు వ్రాసి, నా పూర్వపు సలహాను ఉపసంహరించుకొనుచు ఉపన్యాసకునికి ఉత్తరము పంపితిని. సంక్షుబ్ధమనునదియే ఉంచుమనియు, పిల్లలకు ఆ మాట చెప్పుటకు ముందు ఒక చెంబులో పేలపిండి కలిపి చూపుమనియు కోరితిని. ఆయన తరగతిలో అట్లే చేసినారట. వారమునకు మరల వచ్చి, ‘ఎడ్డీ’ అనుదానికి ఆవర్తమని వ్రాయుదునా అని అడిగినారు. అమరకోశమును చూపి, తప్పక వ్రాయవచ్చునంటిని. "సుడి అని ఉన్నది కదా అయ్యగారూ, కందకుర్తి వద్ద గోదావరిలో మంజీర కలియుచోట పిల్లలందరు చూచినదే" అన్నారు. నాకు బదులు తోచలేదు. సుడి అనియే వ్రాసినారు.